అత్తిల్లు ఈ ఒడ్డు, కూలి ఆ ఒడ్డు

వలస అనగానే మన పాలకులకు కంటి ముందు కనబడేది మూట నెత్తిన పెట్టుకొని రైలెక్కే మగమనిషి. కాని 2011 జనాభా లెక్కలు తిరగేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. ఒక ఊరు విడిచి మరో ఊరికి వచ్చి ఉంటున్నవారని ఆ లెక్కల్లో నమోదైనవాళ్ళు దేశం మొత్తం మీద 45 కోట్ల పైచిలుకు. ఎందుకు వచ్చారంటే అన్నిటికంటే ఎక్కువమంది చెప్పిన కారణం పెళ్ళి. చెప్పినవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. లెక్క రాసేవాడు ఒక్క కారణమే రాసుకుంటాడు. పెళ్ళి అని రాసుకున్న తరువాత ఆమె కోడలే అవుతుంది గాని, పని వెతుక్కుంటూ పోయే మనిషిగా ఎక్కడా తేలదు. అదే లెక్కల్లో పనిచేసే చోటు ఇంటికి ఎంత దూరం, దేని మీద పోతారు అన్నది కూడా తీశారు. ఆ పట్టికలు వేసింది మాత్రం ‘ఇతర కార్మికుల’కే. సేద్యగాళ్ళూ, వ్యవసాయ కూలీలూ అందులో లేరు. పొలం పని అంటే గుమ్మం దిగితే ఉంటుందని పెద్దల ఊహ కాబోలు!

ఈ రెండు గడుల మధ్యన జారిపోయిన ఆడవాళ్ళ గురించే ఈ నాలుగు మాటలు.

2014 జూన్ 2 నుంచి కృష్ణానది మా జిల్లాల మధ్య రాష్ట్ర సరిహద్దు అయింది. ఆ ఒడ్డున పల్నాడులో పుట్టి, ఈ ఒడ్డున దామరచర్ల, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కాపురానికి వచ్చిన కూలి ఇళ్ళ ఆడపిల్లలు ఊరూరా ఉన్నారు. ఇటు పుట్టి అటు పోయినవాళ్ళూ ఉన్నారు. ఇంకా కిందికి పోతే కోదాడ–జగ్గయ్యపేట, సత్తుపల్లి–చింతలపూడి, అశ్వారావుపేట–జీలుగుమిల్లి, ఈ గీత పొడవునా ఇదే సంగతి. ఈమె పెళ్ళి చేసుకొని సరిహద్దు దాటి వచ్చింది. బతకడానికి రోజూ అదే సరిహద్దు మళ్ళీ దాటి పనికి పోతుంది. చాలాసార్లు తాను పుట్టిన ఊరి చేలకే పోతుంది. అక్కడ ఆమె పరాయి ముఠా మనిషి. సాయంత్రం ఇంటికి వస్తే ఇక్కడ పరాయి రాష్ట్రం కాగితాల మనిషి. రెండు ప్రభుత్వాలూ ఆమెను చూసి ‘అవతలి వాళ్ళను అడుగు’ అంటాయి.

ఈ గీత కొత్తదేమీ కాదు. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. తెల్లవాడు పోయేదాకా అక్కడ నది ఈ గట్టు నిజాం రాజ్యం, ఆ గట్టు మద్రాసు రాజధాని. సరుకు దాటితే కరోడ్‌గిరీ వాళ్ళకు సుంకం కట్టాలి. ఇక్కడ చెల్లేది హాలీ సిక్కా, అక్కడ చెల్లేది ఇంగ్లీషు రూపాయి. మునగాల పరగణా చుట్టూ నిజాం నేల ఉంటే అది మాత్రం కృష్ణా జిల్లా కిందికి వచ్చేది. నందిగామ దగ్గర పరిటాల చుట్టూ ఇంగ్లీషు వాళ్ళ నేల ఉంటే అది మాత్రం నిజాముది. మునగాలను నల్గొండ జిల్లాలో కలిపింది 1959లో. ఇంత గజిబిజి గీతల మధ్యన కూడా పెళ్ళిళ్ళు ఆగలేదు. ఎందుకు ఆగుతాయి? మేనత్త ఆ ఒడ్డున ఉంటే మేనరికమూ ఆ ఒడ్డునే. 1946–51 నాటి తెలంగాణ పోరాటంలో ఈ ఒడ్డు వాళ్ళకు ఆ ఒడ్డున ఇంత కూడు, తలదాచుకునే తావు దొరికిందంటే శిబిరాలు ఒక్కటే కారణం కాదు, వియ్యాలవారి ఇళ్ళు కూడా కారణమేనని మా పెద్దలు చెప్పేవారు. 1956 నవంబరు 1న గీత చెరిగింది. 2014లో మళ్ళీ గీశారు. రాష్ట్రం ఒకటా రెండా అన్న తగువు తీరిపోయింది, దాన్ని మళ్ళీ తవ్వడం నా ఉద్దేశం కాదు. గీత గీసిన పెద్దలు ఉద్యోగులను పంచుకున్నారు, ఆస్తులూ అప్పులూ లెక్క వేసుకున్నారు, నీళ్ళ కోసం ఇంకా కొట్లాడుతూనే ఉన్నారు. కోడళ్ళ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఇక కూలి కోసం నది ఎందుకు దాటాలి, ఉన్న ఊళ్ళో పని లేదా అని అడిగేవాళ్ళుంటారు. ఎడమ కాలువ కింద మాది వరి నేల. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన నాటి నుంచి మా కూలి జనం వరి మీదనే బతికింది. నాటు, కలుపు, కోత, మోత, కుప్ప, నూర్పిడి, ఒకదాని వెంట ఒకటి పని ఉండేది. ఇప్పుడు కోతకు మిషను వచ్చింది. కోత నుంచి నూర్పిడి దాకా ఒక్క పూటలో గట్టున పడుతుంది. కలుపుకు మందు కొడుతున్నారు. మిగిలిన నాట్లకేమో బీహారు నుంచి, బెంగాలు నుంచి ముఠాలను దించి ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుతున్నారు. (ఆ వచ్చినవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ ఊళ్ళో వాళ్ళకు ఏమి మిగిల్చారని అంత దూరం వచ్చారు?) అదే నది దాటితే పల్నాడులో మిరప, పత్తి. వరి కోసే మిషను వచ్చినట్టు మిరపకాయ కోసే మిషను మన చేలల్లోకి రాలేదు. ఒక్కసారి కోస్తే అయ్యే పంట కాదది. పండిన కాయ పండినట్టు రెండు మూడు విడతలు చేత్తో కోయాలి. సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా మొదలైతే ఎండలు ముదిరేదాకా పని. అక్కడ చేతులు కావాలి, ఇక్కడ చేతులు ఖాళీగా ఉన్నాయి. మేస్త్రీ ఫోను చేస్తాడు, తెల్లవారుజామున ఆటో వచ్చి వాడ చివర నిలబడుతుంది.

ఆమె మూడింటికి లేవాలి. పొయ్యి ముట్టించాలి, పిల్లలకు వండాలి, అత్తమామలకు ఇంత పెట్టి తన సద్ది తాను కట్టుకోవాలి. నాలుగున్నరకు ఆటో. నలుగురో ఐదుగురో పట్టే దాంట్లో పదిహేను మంది, ఇరవై మంది. ‘కూలి ఎంత?’ అని అందరూ అడుగుతారు గాని ‘చేతికి ఎంత వచ్చింది?’ అని అడగరు. ఇచ్చిన కూలిలో ఆటో కిరాయి పోతుంది, మేస్త్రీ కమీషను పోతుంది. ఆటోలో గడిపిన రెండు మూడు గంటలకు కూలి ఎవరూ కట్టరు. పైగా కాయకోత చేతులు. రాత్రి ఇల్లు చేరినాక ఆ మంట చేతులతో చంటిపిల్ల మొహం తుడవలేదు. మా ఊరి వదిన ఒకామె అన్నది: ‘ఎనిమిది గంటల పని అని మీరు మీటింగుల్ల చెప్తరు గదన్నా, నేను ఇంట్లకెల్లి పోయి ఇంట్లకొచ్చేసరికి పద్నాలుగు గంటలైతయి. మిగతా ఆరు ఎవరి ఖాతల రాస్తరు?’

2023 మే నెలలో దామరచర్ల మండలం నుంచి పల్నాడుకు కూలికి పోతున్న ఆడవాళ్ళ ఆటో పొందుగల దగ్గర ప్రమాదానికి గురైంది. వంతెన దాటి ఎంతో దూరం పోలేదు. ఒకే ఊరి ఆడకూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు కొన్నాళ్ళు పోలీసులు ఆటోలు ఆపి లెక్కపెట్టారు, డ్రైవర్లకు చలానాలు రాశారు. ఆటోలో ఇరవై మంది ఎక్కడం తప్పేనని నేనూ అంటాను. కాని వాళ్ళు ఆటో ఎందుకు ఎక్కారు?

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పని. పేద ఆడవాళ్ళ కొంగున నాలుగు రూపాయలు మిగిలాయి. అయితే రెండు చోట్లా షరతు ఒకటే. ఆ రాష్ట్రం చిరునామా ఉన్న కార్డు చూపాలి, ఆ రాష్ట్రం గీత దాకానే ఉచితం. మా కోడలు వాడపల్లి దాకా టికెట్ లేకుండా వస్తుంది. వంతెన అవతల పల్లెవెలుగు ఎక్కితే కండక్టరు ‘కార్డు తెలంగాణది కదమ్మా, టికెట్ తీసుకో’ అంటాడు. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, పైనుంచి వచ్చిన సర్క్యులరు అది. ఆమె పుట్టిన ఊరు ఆ బస్సు పోయే దారిలోనే ఉంది. పదో తరగతి దాకా అదే బస్సులో పాసు మీద బడికి పోయింది. ఇప్పుడు మాత్రం ఆమె ఆ రాష్ట్రం ఆడది కాదు. కూలికి పోయేవాళ్ళ కోసం నది రెండు పక్కలా ఒక్కొక్క మండలం మేరకు ఏ రాష్ట్రం కార్డునైనా ఒప్పుకుంటే ఆర్టీసీలు మునిగిపోవు. అయినా బస్సు ఉచితమైనంత మాత్రాన సరిపోదు, నాలుగున్నరకు బస్సు ఉండాలి గదా! కోత రోజుల్లో తెల్లవారుజామున రెండు ట్రిప్పులు వేస్తే ఎన్ని ఆటోలు తగ్గుతాయో డిపోల వాళ్ళు లెక్క వేసుకోవచ్చు.

ఇదంతా ప్రభుత్వాల సంగతి. అసలు చిక్కు కూలి రేటు దగ్గర ఉంది. దీన్ని మాట్లాడటానికి మా సంఘాల్లో కూడా కొందరు మొహమాటపడుతున్నారు. పల్నాడు ఊళ్ళల్లో అక్కడి కూలీలు కోతలకు ముందు కూర్చుని రేటు అనుకుంటారు. రైతు ఒప్పుకోడు. రెండు రోజులు పని ఆగుతుంది. మూడో రోజు రైతు ‘మీరు రాకపోతే మానె, నల్గొండ ముఠాకు ఫోను చేశా’ అంటాడు. నల్గొండ ముఠా ఆటో దిగుతుంది. అందులోంచి దిగేది ఎవరు? ఆ ఊరి ఆడపిల్లే. గట్టు మీద నిలబడి నేను విన్న మాటలివి:

‘ఏమే, నువ్వు మా పెద్దత్త మనవరాలివి కదూ? మా నోటికాడ కూడు తీయడానికా వచ్చింది?’

‘మీరు ఇచ్చిన ఇంటికే పోయా గదా పిన్నీ. అక్కడ పని లేక వచ్చా. నాకు రేటు సంగతి ఎవరు చెప్పారు? మేస్త్రీ రమ్మన్నాడు, వచ్చా.’

పిన్ని అన్నదీ నిజమే, పిల్ల అన్నదీ నిజమే. రైతు మాత్రం చెట్టు కింద మంచం మీద నిమ్మళంగా ఉన్నాడు. (ఆ రైతు కూడా సొంత భూమి కలవాడే కానక్కరలేదు. మిరప వేసేవాళ్ళలో కౌలుదార్లు ఎందరో ఉన్నారు. 2025 మొదట్లో ధర పడిపోతే కేంద్రం జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖాయం చేసింది. పెట్టుబడికి చాలదని రైతులు మొత్తుకున్నారు. ధర పడ్డ ఏడు మొదట కోత పడేది కూలికే. కౌలు తగ్గించమని భూమిగలాయనను అడిగే ధైర్యం లేనివాడు కూలి తగ్గించమని మేస్త్రీని అడుగుతాడు.)

ఇటువంటి తగువు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా దక్షిణపు కొసన మెక్సికో గీత మీద కలెక్సికో అని ఒక ఊరు ఉంది. గీతకు ఆ పక్క మెక్సికోలో మెహికాలి అనే పట్నం. చలికాలంలో కలెక్సికో చుట్టుపక్కల ఇంపీరియల్ లోయలో లెట్యూస్ అనే ఆకుకూర కోతకు మెహికాలి నుంచి కూలీలు తెల్లారకముందే గేటు దాటి వస్తారు. వాళ్ళలో అమెరికాలో స్థిరంగా ఉండే హక్కు కాగితం సంపాదించుకున్నవాళ్ళూ ఉంటారు. పెళ్ళి వల్ల అలాంటి కాగితం వస్తుంది, కన్నవాళ్ళ వల్ల వస్తుంది. కాగితం ఉన్నా అక్కడి ఇంటి అద్దె కట్టలేక మెక్సికో వైపు కాపురం, అమెరికా వైపు కూలి. సీజర్ చావెజ్ నడిపిన వ్యవసాయ కార్మిక సంఘం ఈ రోజువారీ రాకపోకల మీద కోర్టుకు పోయింది. సమ్మె కట్టిన చేలల్లోకి యజమానులు గీత అవతలి నుంచి మనుషులను దించుతున్నారన్నది సంఘం బాధ. 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఆ రాకపోకలు చట్టానికి విరుద్ధం కాదన్నది. సంఘం చెప్పిన రోగం నిజం. కోరిన మందు మాత్రం సరైంది కాదని నా అభిప్రాయం. గేటు మూస్తే అవతల ఉన్నది పరాయి సైన్యం కాదు, సంఘంలో ఉన్నవాళ్ళ మేనమామలూ, చిన్నమ్మలూ.

మన దగ్గర కూడా ‘బయటి ముఠాలు రాకూడదు’ అని తీర్మానం రాయమనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. పొద్దున ఆటో దిగిన ఆ పిల్లకు నది రెండు పక్కలా చుట్టాలున్నారు. ఆ ఊరి కూలి ఎంతో ఈ ఊళ్ళో చెప్పగలిగింది ఆమె, ఈ ఊరి ముఠా ఏ రేటుకు ఒప్పుకుందో ఆ ఊళ్ళో చెప్పగలిగిందీ ఆమే. మేస్త్రీల ఫోన్లు నది దాటుతున్నప్పుడు సంఘం మాట నది దాటదా? కోత మొదలుకాకముందే రెండు ఒడ్లవాళ్ళూ ఒక్కచోట కూర్చుని ఒకే రేటు అనుకోవాలి. ఆటో కిరాయి కూలిలో కలపకుండా వేరే మాట్లాడాలి. అది కలిసి ఉన్నంతకాలం దూరం నుంచి వచ్చే ఆడమనిషి తన సొంత కూలిలోంచే రైతుకు రాయితీ ఇస్తున్నట్టు లెక్క.

కూలి సంగతి సంఘాలు తేల్చుకోవచ్చు. కులం కాగితం సంగతి అట్లా తేలేది కాదు.

షెడ్యూల్డు కులాల జాబితాలను 1950లో రాష్ట్రపతి రాష్ట్రాలవారీగా ప్రకటించారు. రాజ్యాంగం 341వ అధికరణంలో ఏ కులమైనా ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ షెడ్యూల్డు కులం అవుతుందన్న మాట ఉంది. ఆ మాట ఆధారంగా 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో తీర్పు ఇచ్చింది. ఒక రాష్ట్రంలో గుర్తింపు ఉన్నవాడు వేరే రాష్ట్రానికి పోయి స్థిరపడితే ఆ గుర్తింపు వెంట రాదు. ఆ కేసు వేసింది కూడా మన తెలుగువాడే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన విద్యార్థి గిరిజనుల కోటాలో మెడికల్ సీటు అడిగాడు, దక్కలేదు. 2018లో ఇంకో కేసు వచ్చింది. ఆమెది పంజాబు, వాల్మీకి కులం, పెళ్ళయి ఉత్తరాఖండ్ చేరింది. ఆ కులం రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉంది. అయినా వచ్చిన రాష్ట్రంలో ఆమెను షెడ్యూల్డు కులం మనిషిగా లెక్కించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది.

కోర్టు వాదాన్ని తేలిగ్గా తీసిపారేయలేము. ఒక్కొక్క రాష్ట్రంలో వెనకబాటు ఒక్కొక్క తీరుగా ఉంటుంది, పైనుంచి వచ్చినవాళ్ళు అక్కడి దళితుల వాటా తినకూడదు అన్నది ఆ వాదం. పెద్ద ఉద్యోగి కొడుక్కు అది సరిపోవచ్చు. ఆ ఒడ్డున మాదిగవాడలో పుట్టి ఈ ఒడ్డున మాదిగవాడకే కోడలుగా వచ్చిన కూలిమనిషికి ఎట్లా సరిపోతుంది? ఆ ఊళ్ళోనూ ఇల్లు ఊరవతలే, ఈ ఊళ్ళోనూ ఊరవతలే. ఆమె ఎవరి వాటా తినడానికి వచ్చింది? మరొక సంగతి. ఈ తీర్పుల బరువు పడేది ఎక్కువగా ఆడవాళ్ళ మీదనే. మగవాడు పుట్టిన ఊళ్ళోనే ఉంటాడు, అతని కాగితానికి కదలవలసిన పని లేదు. పిల్లలకు తండ్రి కాగితం వస్తుంది. ఇంట్లో నలుగురుంటే ముగ్గురు ఎస్సీలు, తల్లి మాత్రం ఈ రాష్ట్రంలో ఏమీ కాదు.

2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మా దగ్గర ఒక ఊళ్ళో ఒక వార్డు ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. పోటీకి అందరూ అనుకున్న మనిషి పన్నెండేళ్ళుగా కూలిపోరాటాల్లో ముందు నిలబడ్డ కోడలు. ఆమె కాగితం ఆ ఒడ్డుది. నామినేషను తిరగగొడతారేమోనన్న భయంతో ఇంటివాళ్ళే వద్దన్నారు. ‘పోలీసుల ముందట నిలబడ్డప్పుడు ఏ రాష్ట్రమని ఎవ్వరడగలేదు’ అని ఆమె నవ్వింది. ఆ నవ్వుకు నేను బదులు చెప్పలేకపోయాను.

దారి లేకపోలేదు. బీహారు రెండుగా చీలి జార్ఖండ్ ఏర్పడినప్పుడు ఇట్లాంటి పేచీయే వస్తే, అక్కడి విభజన చట్టాన్ని బట్టి 2021లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ఏదో ఒక రాష్ట్రంలో హక్కు అడగవచ్చు, ఒకేసారి రెండు చోట్లా అడగకూడదు. మన రెండు ప్రభుత్వాలూ ఆ దారిన ఆలోచించి, పెళ్ళితో గీత దాటిన ఆడవాళ్ళ విషయంలో ఒక అవగాహనకు వచ్చి కేంద్రాన్ని అడగవచ్చు. జాబితాలు మార్చే అధికారం పార్లమెంటుకు ఉంది. ఇప్పటిదాకా జరుగుతున్నది మాత్రం దీనికి ఎదురు. 2025లో రెండు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణ విడివిడిగా చేసుకున్నాయి, గ్రూపుల శాతాలు కూడా వేరువేరు. వర్గీకరణను నేను కాదనను. గీత దాటిన కోడలి గురించి ఆ కాగితాల్లో ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేదంటున్నాను.

ఆదివాసీల దగ్గర ఇది ఇంకా దారుణం. పోలవరం కోసం 2014లో చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, నడిచిపోయేంత దూరంలోని ఎటపాక ఆంధ్రలో ఉంది. ఆ పక్కనే ఛత్తీస్‌గఢ్, ఒడిశా. కోయ పిల్ల పెళ్ళి చేసుకొని పది కిలోమీటర్లు పోతే రాష్ట్రం మారుతుంది. ఆ పైన మిరప కోతకు మళ్ళీ రాష్ట్రం దాటాలి. 2025–26లో ఉపాధి పని కూలి ఛత్తీస్‌గఢ్‌లో రోజుకు 261 రూపాయలు, ఒడిశాలో 273, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 307. కాళ్ళు ఎటు కదులుతాయో వేరే చెప్పాలా? 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ రోజుల్లో ములుగు జిల్లాలో మిరప కోతకు వచ్చిన పన్నెండేళ్ళ ఆదివాసీ పిల్ల బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి అడవిదారిన నడిచిపోతూ ఇల్లు చేరకముందే చనిపోయింది. అదే ఏడాది మార్చిలో గరికపాడు, పొందుగల చెక్‌పోస్టుల దగ్గర జనాన్ని ఆపేశారు. అంతకుముందు ఆరేళ్ళుగా మనం గీత అని నోటితో అన్నదాన్ని అప్పుడు కర్రలతో, ముళ్ళకంచెతో చూశాము.

పథకాల సంగతి ఒకటి చెప్పాలి. 2025 జనవరి 26న తెలంగాణ ప్రభుత్వం భూమిలేని కూలి కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయలిచ్చే ఆత్మీయ భరోసా పథకం మొదలుపెట్టింది. భూమి ఉన్నవాడికి ఎకరాకు ఇంత అని ఇచ్చే రోజుల్లో భూమి లేనివాడు గుర్తురావడం సంతోషమే. షరతు ఏమిటంటే 2023–24లో ఆ కుటుంబం ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. ఉన్న ఊళ్ళో మస్టరు పడాలంటే ఉన్న ఊళ్ళో ఉండాలి. నది దాటి మిరప కోసిన మనిషికి మస్టరు ఎక్కడ పడుతుంది? ఎక్కువ కష్టపడిన ఇంటికే పథకం అందకుండా పోయే షరతు ఇది. ఇప్పుడు 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. రోజులు 125 అన్నారు గాని, సేద్యం పనులు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి 60 రోజులు పనులు ఆపవచ్చునని అందులో రాశారు. ఆ అరవై రోజులు కూలీలు రైతుల చేలకు పోవాలన్నమాట. ఏ రాష్ట్రం రైతు చేలకో, ఏ ఆటోలోనో, అది మాత్రం రాయలేదు.

వలస కార్మికులకు చట్టం ఉంది కదా అనేవాళ్ళకు జవాబు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ఒక రాష్ట్రంలో మనుషులను కుదిర్చి మరో రాష్ట్రంలో పనిలో పెట్టే సంస్థల కోసం చేసింది. దాన్ని 2020 నాటి కోడ్‌లో కలిపారు. 2025 నవంబరు 21 నుంచి కోడ్‌లు అమలులోకి తెచ్చారు. సొంతంగా వచ్చినవాళ్ళను కూడా వలస కార్మికులే అనడం కొత్త నిర్వచనంలోని మంచి. కాని అంతర్రాష్ట్ర కార్మికులు పదిమందికి తగ్గకుండా ఉన్న సంస్థకే ఆ అధ్యాయం వర్తిస్తుంది. ఎకరంన్నర మిరప చేను ఏ అధికారి రిజిస్టరులో సంస్థ అవుతుంది? పొద్దున పోయి రాత్రికి తిరిగి వచ్చేదాన్ని వలస అంటారా అన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ రానేలేదు.

ఇవన్నీ అసాధ్యాలని కొందరు అధికారులు పెదవి విరుస్తారు. వాళ్ళకు ఒకటి గుర్తుచేస్తున్నాను. ఒక రాష్ట్రం రేషన్ కార్డుతో మరో రాష్ట్రంలో బియ్యం తీసుకునే ఏర్పాటును 2019 ఆగస్టులో దేశంలో అందరికంటే ముందు మొదలుపెట్టిన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒక జంట. ఆహార భద్రత చట్టం కింది కార్డు ఉంటే ఈ ఒడ్డు మనిషి ఆ ఒడ్డున బియ్యం తెచ్చుకోవచ్చు. బియ్యానికి మిషను మీద వేలిముద్ర సరిపోయినప్పుడు బస్సుకు, పనిదినాల లెక్కకు, కులం కాగితానికి ఎందుకు సరిపోదో చెప్పవలసింది వాళ్ళు.

మొన్న వాడపల్లిలో రెండు ఒడ్ల కూలి ఆడవాళ్ళం, మేమూ కలిసి కూర్చున్నాము. దాచేపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళలో గట్టు మీద తగువాడిన ఆ పిన్ని కూడా ఉంది. కోత రేటు మీద గంటన్నర మాటలు నడిచి ఒక అంకె దగ్గరికి వచ్చారు. మేస్త్రీ కమీషను రైతే కట్టాలన్న దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆటో కిరాయి దగ్గర ఆగిపోయింది. దూరం నుంచి వచ్చేవాళ్ళకు రైతు కిరాయి కడితే తమకేమిటని స్థానికులు, కట్టకపోతే ఒకే రేటు అన్న మాటకు అర్థమేమిటని ఈ ఒడ్డు వాళ్ళు. సంక్రాంతి లోపల మరోసారి, ఈసారి పొందుగలలో, కలవాలని అనుకున్నారు. పొద్దుపోయింది, ఆటోలు వచ్చేశాయి.